విషానికి చావని ఎలుక

'రోగనిరోధక శక్తి' అనే మాట మన సాహిత్యంలోకి వచ్చి చాలాకాలమయింది. సమాజ దేహం, దానికి పట్టిన జబ్బు, ఆ జబ్బు మీద యుద్ధం చేసే తెల్లకణాలు – ఈ ప్రతీకలు ఎన్ని కవితల్లో, ఎన్ని ఉపన్యాసాల్లో దొర్లాయో లెక్కలేదు. ప్రతీక వాడటం తప్పని ఎవరూ అనరు. కాని ఒక వస్తువును ప్రతీకగా తీసుకునే రచయితకు ఆ వస్తువు గురించి కొంతయినా తెలిసివుండాలని అడగటం అత్యాశ కాదు. నాగలి ఎరగనివాడు నాగలి మీద రాస్తే మన విమర్శకులు మొదటి చరణంలోనే పట్టుకుంటారు. శరీరం విషయంలో ఆ పట్టింపు కనపడదు. అక్కడ అందరికీ తెలిసినట్టే వుంటుంది: లోపల మనవాళ్లు, బయట శత్రువులు, మధ్యలో కోట, కోట మీద సైనికులు. ఈ బొమ్మ ఎంతవరకు నిజం? దీన్ని పరీక్షించటానికి ఒక చిట్టెలుక కథ పనికొస్తుంది. సాహిత్య పత్రికలో ఎలుక ఎందుకని విసుక్కునే పాఠకుడు కాస్త ఓపిక పట్టాలి.

కథ కలరాతో మొదలవుతుంది. 1884లో రాబర్ట్ కోచ్ కలకత్తాలో కలరా సూక్ష్మజీవిని వేరుచేసి చూపాడు. అది ఏదో విషాన్ని విడుదల చేసి మనిషిని చంపుతుందని ఆయన వూహించాడు. ఆ విషాన్ని వెతుకుతూ ఆయన శిష్యుడు రిచర్డ్ పైఫర్ బెర్లిన్‌లో 1892 ప్రాంతంలో ఒక వింత గమనించాడు. కలరా సూక్ష్మజీవుల్ని వేడిచేసి పూర్తిగా చంపి గినీపందులకు ఎక్కించినా అవి చచ్చిపోయేవి. బతికివున్న సూక్ష్మజీవి వెలిగక్కే విషం కాదిది. చచ్చిన సూక్ష్మజీవి దేహంలోనే వున్నది. దీనికి 'ఎండోటాక్సిన్' అని పేరొచ్చింది, అంటే అంతర్విషం. ఆ తరువాత తేలిందేమిటంటే, టైఫాయిడ్ మొదలుకొని మన పేగుల్లో నిత్యం కాపురముండేవాటి దాకా, ఒక పెద్ద తెగ బాక్టీరియాల పైగోడలో ఈ పదార్థం వుంటుంది. కొవ్వుకు చక్కెర గొలుసు తగిలించినట్టుండే నిర్మాణం. దాని రసాయనిక నామం లైపోపాలీశాకరైడ్.

(ఇక్కడ ఒక మాట పక్కన చెప్పుకోవాలి. పైఫర్ కనుక్కున్నది కలరా రోగిని చంపే విషం కాదు. ఆ అసలు విషం, అంటే పేగులోకి నీళ్లు గుమ్మరించి మనిషిని ఎండగట్టేది, వున్నదని రుజువు చేసింది కలకత్తాలోనే పనిచేసిన శంభునాథ్ డే. కుందేలు పేగును రెండుచోట్ల దారంతో కట్టి, ఆ మధ్య భాగంలోకి సూక్ష్మజీవులు లేకుండా వడగట్టిన ద్రవాన్ని ఎక్కించి, పేగు నీటితో ఉబ్బటం చూపించాడు. ఆ వ్యాసం 1959లో వచ్చింది. కోచ్ వూహకీ ఈ రుజువుకీ మధ్య డెబ్బై అయిదేళ్లు గడిచాయి. బతికుండగా ఆయనకు తన దేశంలో దక్కిన గౌరవం స్వల్పం.)

సరే, అంతర్విషం దగ్గరికి వద్దాం. దీని పేరులోనే విషం వుంది కనుక అది విషమే అని అందరూ అనుకున్నారు. విషమంటే మనకు తెలిసిన తీరు ఒకటుంది. పాము విషం రక్తాన్నీ నరాల్నీ స్వయంగా చెడగొడుతుంది. ఆర్సెనిక్ ఏ జీవి కణంలోకి పోయినా దాని పని అది చేసుకుపోతుంది. ఎండోటాక్సిన్ కూడా అలాంటిదేనని చాలా ఏళ్లు నమ్మారు. ఈ నమ్మకాన్ని కూలదోసింది ఏ మహామేధావో కాదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రం, బార్ హార్బర్‌లోని జాక్సన్ ప్రయోగశాలలో పెరిగిన ఒక ఎలుకల వంశం.

ప్రయోగశాల ఎలుక గురించి ఒకటి తెలుసుకోవాలి. అది అడవిలోంచి పట్టి తెచ్చింది కాదు. అన్నాచెల్లెళ్లను తరం తరువాత తరం జతకట్టించి, చివరికి వంశంలోని ఎలుకలన్నీ కవలల్లా ఒకే జన్యువులతో వుండేటట్టు తయారుచేసిన ప్రాణి. ఈ వంశాల మూలం వెతుక్కుంటూ పోతే మనం ఏ విశ్వవిద్యాలయానికీ చేరం. మసాచుసెట్స్‌లో గ్రాన్బీ అనే వూళ్లో, బడిపంతులు ఉద్యోగం మానుకున్న అబీ లేత్రప్ అనే ఆవిడ 1900 ప్రాంతంలో పెట్టిన ఎలుకల పెంపకశాలకు చేరతాం. సరదాగా పెంచుకునేవాళ్ల కోసం ఆమె ఎలుకల్ని పెంచింది. తరువాత హార్వర్డ్ వాళ్లు కొన్నారు. ఎలుకల ఒంటిమీద కురుపులు కనిపిస్తే ఆమె ఊరుకోలేదు. శాస్త్రజ్ఞులకు రాసింది, లెక్కలు రాసిపెట్టింది, కాన్సర్ మీద వ్యాసాల్లో సహరచయిత్రి అయింది. ఇవాళ ప్రపంచంలో అత్యధికంగా వాడే నల్ల ఎలుకల వంశం పేరులోని 57 అనే అంకె ఆమె పెంపకశాలలోని ఒక ఆడ ఎలుకది. మన పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు నేను చూడలేదు. హాల్డేన్ పేరు మాత్రం మనకు బాగా తెలుసు. చివరి రోజుల్లో మన భువనేశ్వర్‌లో వుండి 1964లో అక్కడే కన్నుమూశాడు. ఎలుకల్లో రెండు జన్యువులు జంటగా నడుస్తాయని 1915లో చూపిన వ్యాసం ఆయనదే. ఆ వ్యాసానికి సహరచయితలు ఇద్దరు. ఒకడు స్ప్రంట్, అప్పటికే యుద్ధంలో చనిపోయాడు. రెండోది హాల్డేన్ చెల్లెలు, తరువాత నవలా రచయిత్రిగా పేరు తెచ్చుకున్న నవోమీ మిచిసన్. ఎలుకకూ సాహిత్యానికీ చుట్టరికం లేదనటానికి వీల్లేదు!

మనక్కావలసిన వంశం పేరు సి3హెచ్/హెచ్ఇజె. 1920లో స్ట్రాంగ్ అనే పరిశోధకుడు మొదలుపెట్టిన సి3హెచ్ అనే వంశానికి ఇది ఒక శాఖ. చివరి అక్షరాల్లో హెస్టన్ అనే మరో పరిశోధకుడి పేరు, జాక్సన్ ప్రయోగశాల పేరు దాగివున్నాయి. 1965లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, మిగతా ఎలుకల్ని చంపే మోతాదులో అంతర్విషం ఎక్కించినా ఈ శాఖ ఎలుకలు నిక్షేపంగా తిరుగుతున్నాయి. మోతాదు పదుల రెట్లు పెంచినా వాటికి చీమ కుట్టినట్టయినా లేదు. పక్క శాఖ ఎలుకలు, రూపంలో వీటికి తోబుట్టువుల్లాంటివి, యథాప్రకారం చచ్చిపోతున్నాయి.

ఈ చిన్న విషయంలో ఎంత పెద్ద ప్రశ్న దాగివుందో చూడండి. ఆ పదార్థం తనంతట తాను కణాల్ని చంపే విషమైతే ఒక వంశాన్ని మాత్రం ఎందుకు వదిలిపెడుతుంది? కొందరు మరో అడుగు ముందుకేశారు. ఎలుక ఎముకల మూలుగను వికిరణంతో నాశనం చేసి, ఇంకో వంశపు మూలుగను ఎక్కించారు. విషానికి లొంగే ఎలుకకు లొంగని దాని మూలుగ వేస్తే అది కూడా లొంగటం మానేసింది. లొంగని ఎలుకకు లొంగేదాని మూలుగ వేస్తే చచ్చిపోయింది. మూలుగలోంచి పుట్టేవి రక్తకణాలు, రక్షక కణాలు. అంటే ఎలుకను చంపుతున్నది బయటినుంచి వచ్చిన విషం కాదు. ఆ పదార్థాన్ని చూసి రెచ్చిపోయిన తన సొంత రక్షక కణాలు! 1985లో బ్రూస్ బ్యూట్లర్, ఆయన సహచరులు దీనికి ఇంకో సాక్ష్యం చేర్చారు. రక్షక కణాలు విడుదల చేసే టి.ఎన్.ఎఫ్. అనే ప్రోటీన్‌ను ముందుగానే అడ్డుకుంటే, మామూలు ఎలుకలు కూడా చాలావరకు బతికి బట్టకట్టాయి.

అయితే రక్షక కణం ఆ పదార్థాన్ని ఎలా గుర్తుపడుతున్నది? కణం ఉపరితలం మీద సి.డి.14 అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుందని 1990లో తెలిసింది. కాని సి.డి.14కు కణం లోపలికి చొచ్చుకుపోయే భాగమే లేదు. గుమ్మం బయట కూర్చున్నవాడు వచ్చినవాణ్ణి చూశాడు సరే, ఇంట్లోకి కబురు ఎవరు చేరవేశారు? ఆ కబురందించే జన్యువు హెచ్ఇజె ఎలుకలో చెడివుండాలి. 1978 నాటికే అది ఎలుక నాలుగో క్రోమోజోము మీద వుందని స్థూలంగా గుర్తించారు. స్థూలంగా అంటే, ఫలానా జిల్లాలో వున్నాడని తెలిసి మనిషిని వెతకటం వంటిది.

బ్యూట్లర్ డల్లాస్‌లో 1993లో ఈ వెతుకులాట ప్రారంభించాడు. లొంగే ఎలుకల్ని లొంగనివాటితో జతకట్టించటం, ప్రతి పిల్లనూ పరీక్షించటం, ఏ పిల్లకు క్రోమోజోములోని ఏ ముక్క వచ్చిందో చూడటం – ఐదేళ్లు ఇదే పని. రెండువేలకు పైగా సంతానాన్ని పరిశీలించాక వెతకవలసిన ప్రాంతం దాదాపు 26 లక్షల జన్యు అక్షరాలకు కుదించుకుపోయింది. ఇక అక్షరాలు చదవటమే మిగిలింది. ఈ చాకిరీలో అధికభాగం చేసిన అలెగ్జాండర్ పోల్టోరాక్ పేరు వ్యాసంలో మొదట వుంటుంది, కీర్తిలో చివర వుంటుంది. 1998లో జన్యువు దొరికింది. చూస్తే అప్పటికే పరిచయమున్న ముఖం!

ఆ పరిచయం ఈగ ద్వారా కలిగింది. 1980లలో జర్మనీలో క్రిస్టియానే నూస్‌లైన్-ఫోల్‌హార్డ్ బృందం పళ్ల మీద ముసిరే చిన్న ఈగల మీద పరిశోధిస్తూ, పిండంలో ఏది వీపు వైపు, ఏది పొట్ట వైపు అని నిర్ణయించే ఒక జన్యువును గమనించింది. దానికి 'టోల్' అని పేరు పెట్టారు. జర్మన్ వాడుకభాషలో ఆ మాటకు 'భలే!' అని అర్థం. 1996లో స్ట్రాస్‌బూర్‌లో జూల్ హాఫ్‌మన్ ప్రయోగశాలలో బ్రూనో లెమైత్ర్, ఆయన సహచరులు మరో సంగతి బయటపెట్టారు. టోల్ లోపించిన పెద్ద ఈగలు బూజు సోకితే తట్టుకోలేక చచ్చిపోతున్నాయి. ఒళ్లంతా బూజు పోగులు మొలిచిన ఆ ఈగ ఛాయాచిత్రం చూసినవాళ్లు మరిచిపోరు. మరుసటి ఏడాది ఛార్లెస్ జేన్‌వే, తాష్కెంట్‌లో పుట్టి అమెరికాకు వచ్చిన రుస్లాన్ మెజిటోవ్, మనిషిలోనూ టోల్ లాంటి జన్యువు వుందని, దాన్ని కృత్రిమంగా మేల్కొలిపితే రక్షక సంకేతాలు పుడతాయని చూపారు. అది దేన్ని చూసి మేల్కొంటుందో మాత్రం తేలలేదు. ఆ జవాబు ఎలుక చెప్పింది. హెచ్ఇజె ఎలుకలో చెడింది టోల్ లాంటి ఆ జన్యువే. దాని పేరిప్పుడు టి.ఎల్.ఆర్.4.

చెడిందంటే ఎంత చెడింది? ఒక్క అక్షరం. ఆ ప్రోటీన్‌లో 712వ స్థానంలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం వుండవలసింది, హిస్టిడిన్ వచ్చి కూర్చుంది. అది కూడా కణం లోపలి భాగంలో. బయటి భాగం చక్కగానే వుంది, అంతర్విషాన్ని అందుకోగలదు. కాని మామూలు ఎలుకలో ఆ సంకేతాన్ని అందుకోవటానికి లోపల వేచివుండే మై.డి.88 వంటి ప్రోటీన్లకు ఇక్కడ కబురు అందదు. చెవి వుంది, గొంతు లేదు. విషానికి లొంగని ఇంకో వంశంలో, నల్ల ఎలుకల శాఖ ఒకదానిలో, ఈ జన్యువు మొత్తంగా ఎగిరిపోయివుంది. రెండు వేరు వేరు వంశాలు ఒకే తీర్పు చెప్పాయి. అంతకు కొద్దినెలల ముందే అంతర్విషాన్ని గుర్తించేది టి.ఎల్.ఆర్.2 అని రెండు బృందాలు ప్రకటించివున్నాయి. 1999లో జపాన్‌లో షిజువో అకిరా బృందం ఒక్కో జన్యువునూ తీసేసిన ఎలుకల్ని సృష్టించి చూసింది. టి.ఎల్.ఆర్.4 లేనివి విషానికి లొంగలేదు, టి.ఎల్.ఆర్.2 లేనివి మామూలుగానే లొంగాయి. పరీక్షకు వాడిన పదార్థంలో మలినాలు వుండటమే ఆ పొరపాటుకు కారణమని తరువాత తేలింది.

ఇప్పటివరకు చదివిన పాఠకుడికి హెచ్ఇజె ఎలుక అదృష్టజాతకురాలు అనిపించవచ్చు. విషం ఎక్కించినా చావదు గదా! కాని అదే ఎలుకకు చచ్చిన బాక్టీరియాల ముక్కలు కాకుండా బతికున్న సాల్మొనెల్లా బాక్టీరియాను, అతి కొద్దిగా, ఎక్కించి చూడండి. మామూలు ఎలుకల రక్షక కణాలు మొదటి గంటల్లోనే కబురందుకుని వాటిని అదుపుచేస్తాయి. దీనికి కబురు అందదు. బాక్టీరియాలు పిల్లల్ని పెట్టుకుంటూ పోతాయి. ఎలుక చచ్చిపోతుంది. ఏ జన్యువు లేకపోవటం వల్ల అది బతికిందో ఆ జన్యువు లేకపోవటం వల్లే చచ్చింది. రక్షించేదీ చంపేదీ రెండు వేరు వేరు శక్తులు కావు. ఒకే సంకేతం, మోతాదునుబట్టి, సమయాన్నిబట్టి, రెండు పనులు చేస్తున్నది. వైరుధ్యాల ఐక్యత గురించి మనం పుస్తకాల్లో చాలా చదువుకున్నాం. 20 గ్రాముల ఎలుకలో అది ఇంత నగ్నంగా కనపడటం నాకు అన్ని నిర్వచనాల కంటే ఎక్కువ నచ్చింది.

2020, 2021 సంవత్సరాల్లో మన వీధుల్లో 'ఇమ్యూనిటీ పెంచే' కషాయాలు, బిళ్లలు, బిస్కట్లు ఎలా అమ్ముడుపోయాయో అందరికీ గుర్తే. ఆ నినాదం వెనుక వున్న అవగాహన ఏమిటి? రక్షణ అనేది గాదెలో ధాన్యంలాంటిది, ఎంత వుంటే అంత మంచిది. అదే రోజుల్లో ఆస్పత్రుల్లో చాలామంది రోగులు తమ రక్షక సంకేతాల వరదలో కొట్టుకుపోయారు. తగ్గించటానికి డాక్టర్లు స్టెరాయిడ్లు వాడారు. ఒకే పత్రికలో ఒక పేజీలో పెంచే బిళ్ల ప్రకటన, ఇంకో పేజీలో తగ్గించే మందు కొరత వార్త!

ఇక మన అసలు సమస్య, కోట ప్రతీక. యుద్ధభాష ఈ శాస్త్రానికి పుట్టుకతో వచ్చింది. భక్షక కణాల్ని మొదట వర్ణించిన మెచ్నికోవ్ కాలంనుంచీ దాడి, ప్రతిదాడి అనే మాటలే వాడుతున్నారు. 'ఇమ్యూనిటీ' అనే పదం మాత్రం యుద్ధరంగంలోంచి కాక రోమన్ చట్టంలోంచి వచ్చింది. పన్నులనుంచి, ప్రజావిధులనుంచి మినహాయింపు అని దాని అర్థం. మాటకున్న పాత అర్థమే ఎక్కువ శాంతంగా వుంది. 1994లో పాలీ మాట్‌జింగర్ అనే శాస్త్రవేత్త ఒక గట్టి ప్రశ్న వేసింది. శరీరం 'పరాయి'ని చూసి లేస్తుందనటం నిజమైతే, తల్లి కడుపులోని బిడ్డ సగం పరాయే కదా? రోజూ తినే అన్నం పరాయిదే కదా? శరీరం చూసేది పరాయితనాన్ని కాదు, హానిని అని ఆమె వాదన. ఈ వాదం మొత్తంగా నెగ్గలేదు, ఓడనూ లేదు. అయితే 2004లో మెజిటోవ్ ప్రయోగశాలనుంచి వచ్చిన ఫలితం కోట బొమ్మకు పెద్ద బీట. పేగులో మామూలుగా కాపురముండే బాక్టీరియాల సంకేతం టి.ఎల్.ఆర్.ల ద్వారా నిత్యం అందుతూ వుంటేనే పేగుగోడ గాయాలు సరిగ్గా మానుతున్నాయి. టి.ఎల్.ఆర్.4 గాని, మై.డి.88 గాని లేని ఎలుకల్లో పేగుగాయం ప్రాణాంతకమవుతోంది. అంటే ఈ జన్యువు శత్రువును కనిపెట్టే కావలివాడు మాత్రమే కాదు. పొరుగువాళ్ల అలికిడి విని ఇల్లు బాగుచేసుకునే మనిషి కూడా.

ప్రతీకల సంగతి ఎందుకింత పట్టుదలగా చెబుతున్నానంటే, ఈ ప్రతీకకు చరిత్రలో నెత్తురు అంటివుంది. 1940లో నాజీలు తీసిన ప్రచార చిత్రంలో యూదుల్ని గుంపులుగా పారే ఎలుకలతో పోల్చి చూపారు. 1994లో రువాండాలో టుట్సీలను బొద్దింకలన్నారు. 2020 ఏప్రిల్‌లో మనదేశంలోనే ఒక మతం వాళ్లను వైరస్‌తో కలిపి తిట్టారు. జాతి ఒక దేహమనీ, అందులో కొందరు పరాయి క్రిములనీ చెప్పే ప్రతివాడూ జీవశాస్త్రాన్ని సాక్ష్యానికి పిలుస్తాడు. ఆ సాక్షి బోనెక్కితే వాడికి వ్యతిరేకంగానే చెబుతుంది. మన కవులు కూడా, ఎంత సదుద్దేశంతోనైనా, శత్రువర్గాన్ని క్రిమి అని రాసేటప్పుడు ఆ భాష ఎవరి చేతుల్లోంచి తెచ్చుకుంటున్నారో చూసుకోవాలి.

కీర్తి పంపకం గురించి కూడా నాలుగు మాటలు. 2011 నోబెల్ బహుమతిలో సగం బ్యూట్లర్, హాఫ్‌మన్‌లకు వెళ్లింది. మిగతా సగం డెండ్రిటిక్ కణాలను కనుగొన్న రాల్ఫ్ స్టైన్‌మన్‌కు. ప్రకటనకు మూడురోజుల ముందే ఆయన చనిపోయాడన్న సంగతి కమిటీకి తెలియదు. జేన్‌వే 2003లోనే పోయాడు. ఆయనకూ మెజిటోవ్‌కూ న్యాయం జరగలేదని పలువురు శాస్త్రజ్ఞులు 'నేచర్' పత్రికకు లేఖ రాశారు. ఈగల పని తనదని, దానికి తగిన గుర్తింపు రాలేదని లెమైత్ర్ బహిరంగంగానే చెప్పాడు. జేన్‌వే 1989లోనే సగం దారి చూపివున్నాడు. శుద్ధమైన ప్రోటీన్‌ను మాత్రమే ఎక్కిస్తే టీకా పనిచేయదు, చచ్చిన బాక్టీరియా ముక్కలో, పటికజాతి లవణమో కలిపితేనే పనిచేస్తుంది. ఎందుకో చెప్పకుండా ఈ రంగంవాళ్లు దాచుకున్నారని ఆయన ఎత్తిపొడిచాడు. ఆ కలుపుడు పదార్థం టి.ఎల్.ఆర్.ల వంటి గ్రాహకాల్ని తట్టి లేపుతుందన్న జ్ఞానం ఇవాళ హైదరాబాద్ దాకా వచ్చింది. 2021 జనవరిలో అనుమతి పొందిన కోవాక్సిన్ టీకాలో అల్యూమినియం లవణానికి జతచేసిన అణువు టి.ఎల్.ఆర్.4కు తోబుట్టువులైన ఏడు, ఎనిమిదో నంబర్లను మేల్కొలిపేదే.

ఎలుకనుంచి మనిషికి నేరుగా దారివుందనుకుంటే పొరపాటు. మనిషికి కిలో బరువుకు రెండు నుంచి నాలుగు నానోగ్రాముల అంతర్విషం ఎక్కిస్తే చలి, జ్వరం వస్తాయి. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లవ వంతు. ఎలుకను చంపటానికి కిలోకు మిల్లీగ్రాముల లెక్కన కావాలి. రక్తం విషమించిన రోగుల్లో టి.ఎల్.ఆర్.4ను అడ్డుకుంటే బతుకుతారన్న ఆశతో ఎరిటోరాన్ అనే మందును దాదాపు రెండువేల మంది మీద పరీక్షించారు. 2013లో ఫలితం వెలువడింది. మరణాలు తగ్గలేదు. ఆ ఏడాదే ఒక పెద్ద బృందం ఎలుకలోని జన్యుస్పందనలు మనిషివాటిని పోలవని ప్రకటించింది. 2014లో జపాన్ శాస్త్రజ్ఞులు ఇద్దరు అవే అంకెల్ని వేరే తీరుగా లెక్కకట్టి బాగానే పోలుతున్నాయన్నారు. 2016లో మరో బృందం తగువును వేరేచోటికి జరిపింది. ప్రయోగశాల ఎలుక అతి పరిశుభ్రమైన పెట్టెలో పుట్టి అక్కడే చస్తుంది కనుక దాని రక్షణవ్యవస్థ అప్పుడే పుట్టిన శిశువుదానిలా వుంటుందట. దాన్ని అంగళ్లలో అమ్మే మామూలు ఎలుకలతో కలిపి వుంచారు. కొన్ని చచ్చిపోయాయి. బతికినవాటి రక్షణవ్యవస్థ పెద్దమనిషి రక్షణవ్యవస్థను పోలివచ్చింది.

బార్ హార్బర్‌లో హెచ్ఇజె వంశాన్ని ఇప్పటికీ పెంచి అమ్ముతున్నారు. వాటికి ఇంకో లోపం కూడా వుంది. తల్లిపాలు మరిచే వయసుకే కంటిలోని చూపుకణాలు పాడయి గుడ్డివవుతాయి. దానికి కారణం అయిదో క్రోమోజోము మీది వేరే జన్యువు, టి.ఎల్.ఆర్.4తో దానికి సంబంధం లేదు.